ఓల్డ్ కోర్సులో ఆడొచ్చాను

ఆడే అవకాశం కోసం వేసే లాటరీలో పేరొచ్చిందని తెలిసిన రాత్రి నిద్రే పట్టలేదు. స్కాట్లాండ్‌లో సెయింట్ ఆండ్రూస్ ఊళ్లోని ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలో ఆడటమంటే ఎన్నేళ్ల కోరికో నాకు. మొదటి టీ (బంతిని మొదట కొట్టే చోటు) దగ్గర ఎదురుగా అంత వెడల్పు మైదానం ఉన్నా, గ్రీన్‌కి (గుంట ఉండే నున్నటి గడ్డికి) ముందు స్విల్కన్ వాగు ఉందన్న టెన్షన్‌కి చేతులు చల్లబడ్డాయి.

ఇది లింక్స్ కోర్సు. లింక్స్ అంటే సముద్రానికీ పొలాలకీ మధ్యనుండే ఇసుక నేల. గట్టిగా ఉంటుంది, గాలి ఆగదు, అందుకే బంతిని పైకి లేపే కంటే నేల మీద దొర్లించడమే మేలని నాలుగో హోల్‌కి (టీ నుంచి గుంట దాకా ఆడే ఒక్కో భాగం హోల్) గానీ అర్థం కాలేదు. 112 బంకర్లు, అంటే ఇసుక గుంతలు, ఉన్నాయి, చాలావాటిని దగ్గరికెళ్లేదాకా చూడలేం. 14వ హోల్‌లో హెల్ బంకర్ నుంచి బయటపడటానికి మూడు దెబ్బలు పట్టాయి.

చాలాచోట్ల ఒకే పెద్ద గ్రీన్ మీద రెండు హోల్స్ జెండాలు, ఆ రెండు హోల్స్ నంబర్లు కలిపితే ప్రతిసారీ 18! 1764లో ఇక్కడ 22 హోల్స్‌ని 18కి తగ్గించారు, ఇప్పుడు ప్రపంచమంతా ఆడేది ఆ లెక్కే.

అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. మామూలు ఆదివారాల్లో ఆట ఉండదు, ఊరి జనం పిల్లల్ని, కుక్కల్ని తీసుకుని ఫెయిర్‌వేల (టీకీ గ్రీన్‌కీ మధ్యనుండే గడ్డి దారుల) మీద తిరుగుతారు. ఆడిన మర్నాడు ఆదివారమే, నేనూ వెళ్లి స్విల్కన్ వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను.