బాతులు మచ్చిక కావాలంటే ముందు వాటి కాళ్లు చూసుకోండి

హైదరాబాద్‌లో సరదాకి బాతుపిల్లను తెచ్చుకునేవాళ్లు చాలామంది ఒక్కదాన్నే తెస్తారు. ఒంటరిగా పెరిగితే మన వెంటే తిరుగుతుందని ఆశ. గుడ్డు పగిలిన మొదటి ఒకటిన్నర రోజుల్లో కళ్ల ముందు కదిలినదాన్నే తల్లి అనుకోవడం వాటి నైజం. పెద్దబాతు (గూస్) పిల్లల్లో దీన్ని గమనించి వివరించిన జంతు శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1973లో నోబెల్ బహుమతి అందుకున్నవాళ్లలో ఒకరు. అయితే పాతబస్తీ పక్షుల అంగళ్లలోనో ఊరి సంతలోనో దొరికే పిల్లలకు మామూలుగా ఆ గడువు దాటిపోయే ఉంటుంది. ఒక్కదాన్నే పెంచితే మిగిలేది, మనం పక్క గదిలోకి వెళ్లినా గొంతు చించుకుని అరిచే పిల్ల. మగదైతే ఎదిగాక మన పాదాలనే జతగా ఎంచుకుని వెంటపడుతుంది, అదో తిప్పలు. కనీసం రెండు, వీలైతే మూడు తెచ్చుకోండి. మగది ఒక్కటే ఉండాలి, దానికి నాలుగైదు ఆడవి ఉంటే మరీ మంచిది.

మొదటి వారం పెట్టెలో వేడి 32 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ పోవచ్చు. అట్టపెట్టె మీద అడుగున్నర ఎత్తులో 60 వాట్ల పాతకాలపు బల్బు సరిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, అది వేడినివ్వదు. మన మే నెల ఎండల్లో పగలు బల్బే అక్కర్లేదు. పిల్లలు బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి, మూలలకు పోయి నోరు తెరిచి రొప్పితే ఉక్క. థర్మామీటర్ కంటే ఇదే నమ్మకం. కింద న్యూస్‌పేపర్ మాత్రం పరవొద్దు. నున్నటి కాగితం మీద కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి, ఆ వంకర అలాగే ఉండిపోవచ్చు. దారాలు ఊడని పాత టర్కీ టవల్ వేయండి.

అసలు కాళ్ల జబ్బు తిండి దగ్గర మొదలవుతుంది. అంగట్లో బాతులకని వేరే దాణా అరుదుగా దొరుకుతుంది, కోడిపిల్లల స్టార్టరే చేతిలో పెడతారు. బాతుపిల్లకు కిలో దాణాలో 55 మిల్లీగ్రాముల నియాసిన్ (బి3 విటమిన్) కావాలి. కోడిపిల్లకు 35 చాలు. ఆ తేడా వల్లే రెండో వారానికి మోకీళ్లు వాచి, కాళ్లు విల్లులా వంగి, పిల్ల నాలుగడుగులేసి కూలబడుతుంది. ఆ లోటు తీరడానికి కిలో దాణాకు 50 గ్రాముల బ్రూయర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే రకం ఈస్ట్ పొడి) కలపండి. బేకరీ ఈస్ట్ వేరు, అది వద్దు. దాణా కూడా మందు కలపనిదే అడగండి. గుడ్ల కోళ్ల దాణా పిల్లలకు అసలే పెట్టకూడదు, అందులోని కాల్షియం మూత్రపిండాలను పాడుచేస్తుంది.

మొదటి మూడు వారాలు 20 శాతం ప్రొటీన్, ఆ తర్వాత 16 శాతానికి తగ్గించాలి. తగ్గించకుండా మేపితే, లేదా ముద్దుకని రోజూ బ్రెడ్డు పడేస్తే, రెక్క చివరి కీలు బయటికి తిరుగుతుంది. పెద్దబాతుల్లో ఇది మరీ ఎక్కువ. మొదట్లోనే చూస్తే రెక్కను మడిచి, మెత్తటి సాగే బ్యాండేజీతో నాలుగైదు రోజులు చుట్టి ఉంచితే సర్దుకుంటుంది. ఆలస్యమైతే ఆ రెక్క ఇక అంతే.

నీళ్లు ముక్కురంధ్రాలు మునిగేంత లోతు ఉండాలి. నీళ్లు లేకుండా పొడి దాణా పెడితే గొంతుకు అడ్డం పడుతుంది. మొదటి వారం మట్టి మూకుడులో గులకరాళ్లు పరిచి పెడితే పిల్లలు అందులో పడి తడవవు. తల్లి లేని పిల్ల ఈకలకు తగినంత నూనె పట్టి ఉండదు కాబట్టి ఈత వారం దాటాక, గోరువెచ్చని నీళ్లలో, ఐదు నిమిషాలు. తర్వాత తుడిచి బల్బు కిందికి.

ఇక మచ్చిక. బాతులు పైనుంచి వచ్చే చేతికి బెదురుతాయి, ఆకాశంలో గద్దను చూసి బెదిరే జాతి కదా. అందుకని నేల మీద కూర్చుని, అరచేయి వెల్లకిలా పెట్టి, నానబెట్టిన నూకలు వేసి ఊరుకోండి. మొదట మెడ చాచి దూరం నుంచి పొడిచి పారిపోతాయి. ఆ తర్వాత ముక్కుతో వేళ్ల సందులన్నీ వెతుకుతాయి. అప్పుడు కూడా పట్టుకోవద్దు. రోజూ ఒకే వేళకు, ఒకే పిలుపుతో, రెండుసార్లు ఇలా చేస్తే చాలు. చేతిలోని తోటకూర ముక్కల కోసం ఒళ్లోకి ఎక్కే రోజు దానంతట అదే వస్తుంది. పట్టుకోవడానికి తరిమారా, కుదిరిన మచ్చిక కాస్తా పోతుంది. ఎత్తక తప్పనప్పుడు రెక్కలు రెండూ మూసి ఒంటికి అదిమి, ఇంకో చెయ్యి పొట్ట కింద వేయండి. కాళ్లు పట్టుకుని గానీ రెక్కలు పట్టుకుని గానీ లేపకూడదు. పెద్దబాతునైతే తల వెనక్కి ఉండేలా చంకలో పెట్టుకోండి: ముఖం మీద పొడవదు, రెట్ట కూడా అవతల పడుతుంది.

పెద్దబాతులకు పచ్చగడ్డే ప్రధానం. పిల్లలకు గరిక సన్నగా తరిగి, చిటికెడు ఇసుకతో పెట్టాలి. పొడుగు గడ్డి మింగితే ఉండకట్టి అడ్డుపడుతుంది. గుడ్ల కాలంలో మగది మెడ నేలబారుగా చాచి బుసకొడితే పరుగెత్తొద్దు. చేతులు పక్కలకు చాచి కదలకుండా నిలబడితే అదే తగ్గుతుంది. అపార్ట్‌మెంట్లో మాత్రం పెద్దబాతు ఆలోచనే వద్దు. అర్ధరాత్రి వాచ్‌మన్ దగ్గినా అది పలుకుతుంది.

టెర్రస్ కాంక్రీటు మీద తిరిగే బాతుల అరికాళ్లకు నల్లటి పొక్కు కట్టి చీము పడుతుంది, మట్టి నేలో మందంగా వరిపొట్టో ఉండాలి. రాత్రిపూట పందికొక్కులు, ముంగిసలు, పిల్లులు: అరంగుళం కంటి జాలీ వేసి, దాన్ని అడుగు లోతు పాతాలి. కింద పడ్డ మేకులు, జాలీ ముక్కలు ఏరేయండి, మెరిసేది ఏదైనా బాతు మింగుతుంది, జింక్ విషమవుతుంది. నల్లా రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో మూడు బాతులకు 50 లీటర్ల టబ్బు నీడలో పెట్టి, పాత నీళ్లు అరటి చెట్టుకు పోయండి.

వానాకాలం దాణా వాసన చూసి మరీ వేయాలి. 1960లో ఇంగ్లండ్‌లో బూజు పట్టిన వేరుశనగ పిండి తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు, వాటితోపాటు బాతుపిల్లలు చచ్చాయి. అఫ్లాటాక్సిన్ అనే ఆ బూజు విషం బయటపడింది అప్పుడే. బాతుపిల్ల దానికి అతి త్వరగా లొంగిపోతుంది. ఎండాకాలం కుళ్లిన నీటిగుంటలోని పురుగులు తిన్న బాతుకు మెడ వాలిపోతుంది, అది బొటులిజం. వెంటనే శుభ్రమైన నీళ్లిచ్చి డాక్టర్‌కు చూపించండి. అన్ని పెట్ క్లినిక్‌లలోనూ పక్షులను చూడరు. జబ్బు రాకముందే నారాయణగూడ పశువుల ఆసుపత్రిలోనో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలోనో అడిగి పెట్టుకోండి, బాతు ప్లేగు టీకా ఎప్పుడు వేయించాలో కూడా అప్పుడే కనుక్కోవచ్చు.