చీకటి మెట్ల మీద సంభాషణ

పదకొండు దాటింది. నేను రాస్తున్న ఫ్యాన్ ఫిక్షన్ (ఇష్టమైన కథలోని పాత్రలతో అభిమానులు అల్లే కథ) మూడో అధ్యాయంలో ఒక్క వాక్యం నిద్ర పట్టనివ్వడం లేదు. "కరెంటు పోయిన మెట్ల మీద ఆమె చేతులతో చెప్పిందంతా అతనికి అర్థమైంది." అంతే. సంజ్ఞా భాష కళ్లతో వినే భాష, వెలుగు పోతే మాట కూడా పోతుంది. నాలుగుసార్లు దిద్దినా ఈ వాక్యం నాలుగుసార్లూ తప్పించుకుంది.

పైగా ఇవాళే మళ్లీ ఆ మాట: "ఫ్యాన్ ఫిక్షనే కదక్కా, ఇంత వెతుకులాట దేనికి?" ఇలా అనేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. ఈ మాటకి ఒళ్లు మండుతుంది. కానన్‌లో, అంటే అసలు కథలో, నా కథలోని ఈ పాత్రకి వినికిడి పోయిందని రెండు సీన్లలో చూపించి వదిలేశారు. మిగిలిన బతుకంతా ఫిక్కులు, అంటే ఫ్యాన్ ఫిక్షన్ కథలు, రాసేవాళ్ల చేతిలోనే ఉంది. వినికిడి లేని పాఠకురాలు ఆ ఒక్క పాత్ర కోసమే వెతుక్కుంటూ వస్తే, ఆమె చేతికి ఏమిస్తున్నాం?

పని కానన్‌తోనే మొదలవ్వాలి. ఆ ఒక్క పాత్ర కోసమే దాన్ని మళ్లీ మొదటినుంచీ చూడాలి. ఏ చెవి, ఏ వయసులో పోయింది, పక్కన ఎవరున్నారు, వాళ్ల మొహం మీద వెలుగుందా అని సీను సీనుకీ రాసుకోవాలి. ఇతనికి పోయింది ముప్పయ్యో ఏట, ప్రమాదంలో. అంటే నోటిమాట చక్కగా ఉంటుంది, మొదట్లో సంజ్ఞలు ఒక్కటీ రావు. రెండు వారాల్లో గడగడా మాట్లాడించడం కుదరదు, అది ఏళ్లు పట్టే భాష. కథ జరిగేది బ్రిటన్‌లో కాబట్టి అమెరికన్ సంజ్ఞల వీడియోలు చూసి రాయడమూ కుదరదు. రెండు దేశాల్లోనూ ఇంగ్లీషే అయినా సంజ్ఞా భాషలు వేరు, ఒకరిది ఇంకొకరికి అర్థం కాదు. అమెరికన్ సంజ్ఞా భాషకి ఫ్రాన్స్ చుట్టరికం. 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో మొదలైన వినికిడి లేని పిల్లల బడికి లారెంట్ క్లెర్క్ అనే ఉపాధ్యాయుడు ఫ్రాన్స్‌నుంచే వచ్చాడు. అక్షరాలు చూపించడానికి అమెరికన్‌లో ఒక చెయ్యి చాలు, బ్రిటిష్‌లో రెండు కావాలి. ఈ రెండు చేతుల సంగతి గుర్తుంచుకోండి, మెట్ల దగ్గర పని పడుతుంది.

పెదాలు చదవడం దగ్గర అందరూ బోల్తా పడతారు. పాట, బాట, మాట అని అద్దం ముందు గొంతు తీయకుండా అని చూడండి. మూడూ ఒకటే. క, గ అయితే నోటి లోపలే పుడతాయి, బయటికి కనపడవు. ఎదుటివాళ్లు తల తిప్పినా, గుబురు మీసమున్నా, వెనక కిటికీ ఉండి మొహం నీడలో పడినా అంతే సంగతులు. గది అవతలినుంచి గూఢచారుల గుసగుసలన్నీ పెదాల మీద చదివేసే పాత్ర అద్భుతశక్తుల కథలో ఉండొచ్చు, ఇక్కడ కాదు.

ఇవన్నీ రాస్తుంటే ఎప్పుడో చదివిన ఒక ఫిక్ గుర్తొస్తోంది. పన్నెండు అధ్యాయాలు, చక్కటి వచనం. పదకొండో అధ్యాయందాకా ఆ అమ్మాయి చెవుల సంగతి ఎంత బాగా రాశారో! కౌగిలింతలో అవతలివాళ్ల భుజం చెవికి ఆనగానే వినికిడి మెషీన్ కీచుమంటుంది. బయటికి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకే వెళ్లి పెద్దదవుతుందన్నమాట. ఆ కీచుకి ఇద్దరూ నవ్వుకుంటారు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది. పన్నెండో అధ్యాయంలో ఆపరేషన్. కట్లు విప్పగానే అన్నీ స్పష్టంగా వినిపించి, అతని గొంతు విని ఏడ్చి, కథ సుఖాంతం. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) అలా పనిచెయ్యదు. గాయం మానాక, సాధారణంగా కొన్ని వారాలకి, బయటి భాగం పెట్టి ఆన్ చేస్తారు. మొదట్లో చాలామందికి మాటలు బీప్‌ల్లాగో, మరమనిషి గొంతులాగో వినిపిస్తాయి. వాటిని మాటలుగా పోల్చుకోవడానికి నెలల సాధన కావాలి. రాత్రి ఆ భాగం తీసి పక్కన పెడితే మళ్లీ నిశ్శబ్దమే. వైద్యం తప్పు రాయడం ఒక ఎత్తు. ఆమె సుఖపడాలంటే ముందు చెవులు బాగుపడాలని తేల్చెయ్యడం ఇంకో ఎత్తు. పదకొండు అధ్యాయాల ప్రేమ ఒక్క పేజీలో పోయింది.

అందుకే ఎంత తెలుసుకుంటే అంత మంచిది అని రాయబోయాను. కానీ ఇప్పుడే నా డ్రాఫ్టు మొదటి పేజీ మళ్లీ చదివితే ఆ మాట మీద నమ్మకం సడలింది. దాదాపు ఆరువందల మాటలు అతని వినికిడి మెషీన్ బ్యాటరీ గురించే. 312 సైజు, గోధుమరంగు స్టిక్కర్, అది పీకి ఒక నిమిషం గాలి తగలనివ్వాలి, ఒకసారి పీకాక వాడినా వాడకపోయినా అరిగిపోతుంది. అన్నీ నిజాలే. ఆ పేజీలో మనిషే లేడు. అతని కోపం, వంకర జోకులు, స్నేహితురాలి మీద ఉక్రోషం ఏమీ లేవు. కానన్‌లో ఉన్న మనిషిని తీసుకొచ్చి చెవుల పాఠంగా మార్చేశాను. ఆరువందలూ కొట్టేసి ఒక్క వాక్యం ఉంచాను: ఆమె అసలు విషయం చెప్పబోతుండగా బ్యాటరీ అయిపోతుంది.

మాటల సంగతి ఇంకొకటి. "చెవిన పడింది", "పెడచెవిన పెట్టాడు", "చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది" అనేవి మన కలానికి అలవాటై వచ్చేస్తాయి. అతని వైపునుంచి చెప్పే వచనంలో "చెవిన పడింది" వెతికి తీసెయ్యాలి. చెవిటివాడి ముందు శంఖం సామెత మొరటు మేనమామ నోట ఉంటే ఉండనీ, కథ చెప్పే గొంతులో వద్దు. సంజ్ఞల సంభాషణని "నేను ఇల్లు వెళ్లు" అని విరగ్గొట్టి రాయొద్దు, పూర్తి వ్యాకరణమున్న భాష అది. మామూలు సంభాషణలాగే రాసి, కనుబొమలు ఎత్తడం, ముడవడం కూడా చూపిస్తే చాలు. ప్రశ్న ఉండేది అక్కడే.

బీటా రీడర్‌కి (కథ బయట పెట్టకముందే చదివి లోపాలు చెప్పేవాళ్లకి), వినికిడి లేని పాఠకులెవరైనా చదవడానికి ఒప్పుకుంటే వాళ్లకి, "బాగుందా" అని పంపితే "బాగుంది" అనే వస్తుంది. "రెండో సీన్లో అతను కుర్చీ ఎటు తిప్పుకుంటాడు?" అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. వాళ్లొక్కరి జవాబే అందరిదీ అనుకోకూడదు.

ఇక మెట్లు. ఆమె చేతికి టార్చ్ ఇద్దామంటే ఒక చెయ్యి దానికే పోతుంది, ఊరిపేరు అక్షరాల్లో చూపించడానికి రెండూ కావాలి. అతను పట్టుకుంటే వెలుగు ఆమె కళ్లలో కొడుతుంది. పై మెట్టు మీద గోడవైపు తిప్పి పెడితే, గోడ మీంచి వచ్చే వెలుగు ఇద్దరి మొహాలకీ, చేతులకీ సరిపోతుంది. అయితే ఆమె ఒక మెట్టు కిందికి దిగి ఇటు తిరిగి నిలబడాలి. ముందరి వాక్యంలో ఆమె పైకి పరిగెడుతోంది. అది కూడా మార్చాలి.