మాటలు మింగేసిన సెంటర్ స్పీకర్

మా హోమ్ థియేటర్‌లో సినిమా పెడితే పాటలకి కిటికీ అద్దాలు గడగడలాడేవి, మాటలు మాత్రం గుసగుసలే. అమ్మ రిమోట్ చేతిలోంచి దించేది కాదు.

ఆదివారం ఫ్యాన్ ఆపి, సోఫాలో చెవి ఎత్తున, చప్పుడు కొలిచే యాప్ ఉన్న ఫోన్‌ని స్టాండుకి బిగించి, స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌లో టెస్ట్ టోన్ పెట్టా. ఒక్కో స్పీకర్‌లోంచీ వాన హోరులాంటి చప్పుడు. ముందు రెండూ 75 డెసిబెల్స్. మాటలు వినిపించే సెంటర్ స్పీకర్ మాత్రం 71! టీవీ కింద అరలో లోపలికి తోసేసి ఉంది మరి. అంచుదాకా లాగి, లెవెల్‌ని 3 డెసిబెల్స్ పెంచా. వెనకవి సోఫాకి మూరెడు దూరమే, 79 చూపించాయి, తగ్గించా. ఫోన్ యాప్ అంకె కచ్చితం కాకపోయినా పర్లేదు, అన్నీ సమానంగా ఉంటే చాలు.

బేస్ మోతలిచ్చే సబ్‌వూఫర్‌తోనే వేగలేకపోయా. గది మూలనుంచి జరిపితేగానీ ఆ మోత తగ్గలేదు.

రాత్రి అమ్మ రిమోట్ పక్కన పడేసి, పల్లీలు ఒలుచుకుంటూ సినిమా మొత్తం చూసింది.