గట్టిగా పట్టుకుంటే గురి తప్పుతుంది

నేను మొదటిసారి ఎయిర్‌గన్ పట్టుకున్నది మా ఊరి జాతరలో, బుడగలు పేల్చే బండి దగ్గర. వెనకాల మా బాబాయి నిలబడి "భుజానికి గట్టిగా అదుముకోరా, అస్సలు కదలనివ్వకు" అన్నాడు. మూడు అడుగుల దూరంలో అంత పెద్ద బుడగ ఉంటే ఎలా పట్టుకున్నా పేలుతుంది కదా, పేలింది. ఆ మాట మాత్రం చేతుల్లో అలాగే ఉండిపోయింది. పెద్దయ్యాక సొంతంగా స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొనుక్కుంటే, ఆ అలవాటు వదిలించుకోవడానికే దాదాపు ఏడాది పట్టింది.

ఎందుకో తెలియాలంటే ముందు ఆ తుపాకీ లోపల ఏం జరుగుతుందో చూడాలి. ఇందులో మందుగుండు ఉండదు, గ్యాస్ సిలిండర్ ఉండదు. బ్యారెల్‌ని కిందికి వంచినప్పుడు లోపల స్ప్రింగ్ నొక్కుకుని పిస్టన్ వెనక్కి వెళ్లి కొక్కేనికి తగులుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకి, తన ముందున్న గాలిని సైకిల్ పంపులోలా ఒక్కసారిగా ఒత్తేస్తుంది, ఆ ఒత్తిడి పెల్లెట్‌ని, అంటే చిన్న సీసం గుండుని, తోస్తుంది. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి జరుగుతుంది. చివర్లో పిస్టన్‌కి గాలి అడ్డుపడి ఆగేసరికి ఈసారి ముందుకు జరుగుతుంది. ఇదంతా సెకనులో వందో వంతు వ్యవహారం. కానీ ఆ కదలిక మొదలైనప్పుడు పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లోనే ఉంటుంది, అసలు చిక్కంతా అక్కడే. తుపాకీ కదలకుండా మీరు ఆపలేరు. ప్రతిసారీ ఒకేలా కదిలేలా చూసుకోగలరు, అంతే. గట్టిగా బిగించి పట్టుకుంటే ఒకసారి ఉన్న బిగువు ఇంకోసారి ఉండదు కాబట్టి ఒక గుండు ఎడమకి, ఇంకోటి పైకి పోతుంది.

కొనేటప్పుడు అందరం చేసే తప్పు పెట్టె మీద అంకె చూసి కొనడం. "సెకనుకి 1,200 అడుగులు" అని ఉంటే మనసు లాగుతుంది, నాకూ లాగింది. ధ్వని వేగం సుమారు 1,130 అడుగులు. దాన్ని దాటి వెళ్లిన పెల్లెట్ మళ్లీ ఆ వేగం కిందికి దిగేటప్పుడు గాలిలో కుదుపుకి లోనై దారి తప్పుతుంది. పైగా అలాంటి అంకెలు చాలాసార్లు బాగా తేలికైన పెల్లెట్లతో రాబట్టినవే. మన దగ్గర 2016 ఆయుధాల నియమాల ప్రకారం గుండు శక్తి 20 జూళ్లు దాటని, 0.177 అంగుళాల గొట్టం ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. లెక్కేస్తే, 8.44 గ్రెయిన్ల పెల్లెట్ అంటే 0.547 గ్రాములు, అది సెకనుకి 270 మీటర్లు, అంటే 890 అడుగుల దగ్గరే 20 జూళ్లకి చేరిపోతుంది. 240 మీటర్లు వస్తే 16 జూళ్లకి కాస్త తక్కువ, గురి కార్డు మీద కాల్చుకునేవాళ్లకి అది కూడా ఎక్కువే. ఇంగ్లండ్‌లో లైసెన్స్ లేకుండా వాడే పరిమితి దాదాపు 16 జూళ్లు, జర్మనీలో 7.5 మాత్రమే. ఆ 7.5 జూళ్ల వైరౌఖ్ హెచ్‌డబ్ల్యూ 30 లాంటి చిన్న రైఫిళ్లనే అక్కడివాళ్లు ఎంతో ప్రేమగా వాడతారు. మొదటి తుపాకీ కొనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: వంచడానికి తేలిగ్గా ఉండేది, ట్రిగ్గర్ రెండు దశల్లో శుభ్రంగా నొక్కుకునేది తీసుకోండి, బలం తక్కువైనా పర్లేదు. బలం పెరిగేకొద్దీ లోపలి కుదుపు పెరుగుతుంది, ఆ కుదుపుని భరించాల్సింది మీ చేతులే.

అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో స్వర్ణం, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే కదా, వాళ్లకి లేని కుదుపు మీకెందుకని కొందరు అడుగుతారు. అవి ముందే గాలి నింపిన సిలిండర్‌తో పనిచేసేవి, వాటిలో ఈ కుదుపు లేదు. అంతకుముందు, 1970ల్లో, పోటీల్లో ఎక్కువగా స్ప్రింగ్ రైఫిళ్లే ఉండేవి. ఫైన్‌వెర్క్‌బౌ 300 అనే రైఫిల్‌లో తుపాకీ పైభాగం మొత్తం కర్ర (కింద చేత్తో పట్టుకునే చెక్క భాగం) మీద పట్టాలెక్కినట్టు వెనక్కి జారేది, దాంతో కుదుపు మనిషికి చేరేది కాదు. ఎంత చక్కటి ఆలోచనో!

సరే, నా తుపాకీ సంగతి. 20 మీటర్ల దూరంలో ఐదు గుండ్లు వేస్తే కార్డు మీద అరచేయంత వెడల్పున పడేవి. మొదట స్కోప్‌ని (గురి చూసే దుర్బీనుని) అనుమానించాను, అది నిజంగానే పాడైంది కూడా. మామూలు స్కోపులు వెనక్కి వచ్చే కుదుపుకి తయారవుతాయి, స్ప్రింగ్ తుపాకీ ముందుకు కూడా కొడుతుంది, రెండు వారాల్లో లోపలి గీతలు వదులైపోయాయి. ఎయిర్‌గన్‌ల కోసమే చేసినది, పది మీటర్లకి కూడా ఫోకస్ చేసుకోగలిగేది కొన్నాను. గుండ్లు చెదరడం తగ్గింది గానీ పోలేదు. తర్వాత తెలిసింది, కర్రని ఇనుముకి పట్టి ఉంచే ముందు స్క్రూలు రెండూ అర చుట్టు వదులుగా ఉన్నాయని! ప్రతి వంద గుండ్లకీ అవి వదులవుతుంటే నేను పెల్లెట్లు మారుస్తూ కూర్చున్నాను. విప్పి, నూనె తుడిచి, స్క్రూలు వదులవకుండా పట్టి ఉంచే నీలం రంగు లాక్‌టైట్ జిగురు ఒక చుక్క వేసి బిగించాను. మీ గుండ్లు చెదురుతుంటే డబ్బు ఖర్చుపెట్టే ముందు స్క్రూడ్రైవర్ తీయండి.

ఇంకా కాల్చిన ప్రతిసారీ టంగుమని మోత. బాబాయికి లేత్ షాపు ఉంది, అక్కడికి పట్టుకెళ్లాను. స్ప్రింగ్ విప్పేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త, లోపల అది నొక్కుకునే ఉంటుంది, పిన్ను తీయగానే మొహం మీదికి ఎగరగలదు. వడ్రంగులు వాడే పొడుగు క్లాంపులో బిగించి మెల్లగా వదిలాం. చూస్తే స్ప్రింగ్ లోపల ఉండే గైడ్ సన్నగా ఉంది, స్ప్రింగ్ దాని చుట్టూ గిలగిల్లాడుతోంది. బాబాయి నైలాన్ కడ్డీని లేత్ మీద పెట్టి, కొలుస్తూ కోస్తూ, స్ప్రింగ్ వేలితో నెడితే తప్ప ఎక్కనంత బిగువుగా కొత్తది చేశాడు. పిస్టన్ సీల్ అంచుకి మాలిబ్డినం గ్రీజు పల్చగా, స్ప్రింగ్‌కి బంకలాంటి చిక్కటి గ్రీజు పూశాం. గాలి ఒత్తుకునే గదిలో మాత్రం కుట్టు మిషన్ నూనె, ఇంజన్ నూనె ఏదీ వేయకండి. అక్కడి వేడికి అది డీజిల్ ఇంజన్‌లోలా మండి పేలుతుంది, సీల్ పోతుంది, స్ప్రింగ్ విరుగుతుంది. మళ్లీ బిగించి కాలిస్తే మోత పోయి, తలుపు మూసినట్టు టప్‌మని ఒక్క శబ్దం. నాకైతే కళ్లు చెమ్మగిల్లాయి.

పెల్లెట్ల విషయంలో ప్రతి బ్యారెల్‌కీ దాని ఇష్టం దానికుంటుంది, నాలుగైదు రకాలు తెచ్చి ఒక్కోదానితో పది పదిహేను వేసి చూడడమే మార్గం. నా దానికి 8.4 గ్రెయిన్ల గుండ్రటి తలవి కుదిరాయి.

అన్నీ అయ్యాక మిగిలింది చేతులు. ఎడమ అరచేయి పైకి తెరిచి, వేళ్లు ముడవకుండా, ట్రిగ్గర్ గార్డుకి కొంచెం ముందు కర్రని ఊరికే ఆనిస్తాను. ప్రతిసారీ అదే చోటు దొరకాలని కర్రకి చిన్న టేప్ ముక్క అంటించాను. కుడిచేతి బొటనవేలు చుట్టకుండా పక్కన ఉంచుతాను, భుజానికి తాకిందా లేదా అన్నట్టు తాకుతుంది. కాల్చాక కూడా స్కోప్‌లోంచి కన్ను తీయను, గీతలు ఎగిరి ఎక్కడికి వచ్చి ఆగాయో చూస్తాను. గురి పెట్టిన చోటికే తిరిగొస్తే గుండు అక్కడే పడి ఉంటుంది. బల్ల మీద, ఇటుక మీద మాత్రం ఆనించవద్దు, గట్టి వస్తువు మీద తుపాకీ గెంతుతుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. పెల్లెట్ పెట్టేటప్పుడు వంచిన బ్యారెల్‌ని ఎడమ చేత్తో పట్టుకునే ఉండండి, కొక్కెం జారితే వేళ్లు పోతాయి. పెల్లెట్ లేకుండా కాల్చకండి. సీసం కాబట్టి చేతులు కడుక్కున్నాకే తినండి. నేను పశువుల పాక వెనక, ఇసుక నింపిన ధాన్యం బస్తాలు రెండు వరసలు పేర్చి దాని ముందే కాలుస్తాను. దయచేసి పిట్టల మీద మాత్రం వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, పైగా చెట్టు మీది చిలకని పడగొట్టడంలో గురి నేర్చుకునేది ఏమీ లేదు.

మొన్న సంక్రాంతికి బాబాయి వచ్చి తనూ కాలుస్తానన్నాడు. అలవాటు ప్రకారం భుజానికి అదుముకుని ఐదు వేస్తే అరచేయంత చెదిరాయి. "చెయ్యి తెరువు బాబాయ్, అది ఎటు కదలాలంటే అటు కదలనీ" అన్నాను. ఇంకో ఐదు వేశాడు. కార్డు తెచ్చి ఆ రంధ్రాల మీద పది రూపాయల బిళ్ల పెడితే అన్నీ దాని కింద దాక్కున్నాయి. కార్డు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, పెల్లెట్ల డబ్బా ఇంకోసారి అందుకున్నాడు.