నల్లమల కొండకు పొరలు వాలుగా ఉండాలి

గార్డెన్ రైల్వేకి, అంటే పెరట్లో నడిపే మోడల్ రైలుకి, కొండ కట్టమంటే చాలామంది సిమెంటు గుట్టగా పోసి, అటో కన్నం ఇటో కన్నం పెట్టి, పైన పచ్చరంగు కొట్టేస్తారు. రైలు మీద వేలకు వేలు పోస్తారు, కొండేమో ఏ ఊరిదో తెలీదు. నాకది అస్సలు నచ్చదు. రైలు ఏ లైన్లో నడుస్తోందో ఆ లైను రాయి కనపడాలి.

బెంగళూరు ఎలహంకలో మా పెరట్లో నేను కడుతున్నది గాజులపల్లె, దిగువమెట్టల మధ్య బొగద సొరంగం ఉన్న నల్లమల ఘాట్, అదీ పట్టాల మధ్య మీటరు వెడల్పుండే మీటర్ గేజ్ రోజుల్లోది. మనవాళ్లు జి స్కేల్లో, అంటే ఈ పెరటి రైళ్ల సైజులో, మీటర్ గేజ్ ఎందుకు ఎంచుకోరో నాకు అర్థం కాదు. 1968లో ఎల్‌జీబీ అనే మోడల్ రైళ్ల బ్రాండు జర్మనీలో మొదలైనప్పుడే పట్టాల మధ్య 45 మిల్లీమీటర్లు పెట్టారు, 1:22.5 లెక్కన, అంటే 22.5 రెట్లు పెంచి చూస్తే, అది దాదాపు మీటరే. వైపీ, వైజీ అనే మీటర్ గేజ్ ఆవిరి ఇంజన్లకు పట్టా సిద్ధంగా ఉన్నట్టే కదా!

ఇక రాయి. నల్లమలది పొరలు పొరలుగా పేరుకుని, మడతలుపడి, వాలుగా లేచిన రాయి. బెంగళూరు రాయి వేరు, లాల్‌బాగ్ గుట్ట చూడండి, నున్నగా గుండ్రంగా ఉంటుంది. మా మేస్త్రీది మదనపల్లె, ఇక్కడి పనులు చేసిన చెయ్యి, "సార్, అంచులు నున్నగా తిప్పేద్దామా?" అన్నాడు. ఫోన్లో ఘాట్ ఫోటోలు చూపించి, "వద్దన్నా, గీతలన్నీ ఒకే వైపు వాలాలి" అన్నాను. కాసేపు చూసి తాపీ పక్కన పెట్టి, పాత హ్యాక్సా బ్లేడ్ ఉందా అని అడిగాడు. అక్కడి నుంచి పని పరుగెత్తింది.

కోళ్ల జాలీని కడ్డీల మీద వంచి కట్టి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్లు ఇసుక కలిపి పూశాం. అసలు విషయమంతా చెక్కే సమయంలోనే ఉంది. బొటనవేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి మాత్రం అంటుకోకూడదు. అప్పుడు బ్లేడ్‌తో పొర గీసి, కింది అంచును కత్తి మొనతో పెళ్లగిస్తే ముక్క దానంతటదే విరిగి నిజం రాయిలా గరుకుగా వస్తుంది, ఆ గరుకు ఏ బ్రష్షుతోనూ రాదు. ఆ తర్వాత తడి గోనెసంచులు కప్పి వారం రోజులు ఆరనివ్వకూడదు. రంగు పూసుకోవాల్సిన పనే లేదు, రెడ్ ఆక్సైడ్ నీళ్లలా పల్చగా కలిపి పోస్తే గీతల్లోకి దానంతటదే దిగుతుంది.

సొరంగం వెడల్పు అంచనాతో పెట్టొద్దు. మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన రైలుపెట్టెకు రెండు చివరలా, మధ్యలో పెన్సిళ్లు కట్టి, కింద అట్ట పరిచి, వంపు మీద మెల్లగా తోయండి, మలుపులో చివరలు బయటికి, నడుము లోపలికి ఎంత వస్తుందో అట్టమీద గీత పడుతుంది. ఆ గీత దాటి ఇంకో వేలు ఖాళీ వదలండి. కొండ పైభాగం మూతలా లేచేలా కట్టాం, లోపల పెట్టె పట్టా తప్పితే చెయ్యి పెట్టాలి కదా. లోపలి నేల బయటికి వాలాలి, లేకపోతే బెంగళూరు వానకు నీళ్లు నిలిచిపోతాయి.

పట్టాల కింది కంకరకు మార్కెట్లో దొరికే బేబీ జల్లి (సన్న కంకర) వాడకండి, పట్టా పక్కన బండరాళ్లలా ఉంటుంది. అసలు లైన్లో 50 మిల్లీమీటర్ల కంకరంటే ఇక్కడ రెండు మిల్లీమీటర్ల పైచిలుకే, ఎం-శాండ్ (రాయి పిండి చేసిన ఇసుక) జల్లెడ పడితే సరిపోతుంది. చెట్లకు మినీ జేడ్ అనే చిన్నాకుల మొక్క పెట్టాను, కత్తిరించిన కొద్దీ కాండం లావెక్కుతోంది.

తర్వాత కట్టబోయేది అదే ఘాట్‌లోని దొరబావి వంతెన. పాత ఫోటోలు, ముఖ్యంగా వంతెన కింద నుంచి తీసినవి ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి పంపండి.