జీడితోటలో సాలీళ్ల పేర్లు

పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు వెళ్లే దారిలో మా మేనమామ జీడితోట ఉంది. భాద్రపదం వస్తే చెట్టుకూ చెట్టుకూ మధ్య సాలెగూళ్లే. కిందటేడు వాటి శాస్త్రీయ నామాలు తెలుసుకునే దాకా వదలకూడదనుకున్నాను.

మొదట రంగును బట్టి పోల్చబోయి తప్పులో కాలేశాను. వయసుతో పాటు రంగు మారిపోతుంది. నమ్మదగినది గూడు, అందులో సాలీడు కూర్చున్న తీరు. సాయంత్రం అల్లి తెల్లవారేసరికి గూడు మింగేసేవి చాలావరకు నియోస్కోనాలు. గుడారంలా అడ్డంగా పరిచిన గూడైతే సిర్టోఫోరా.

నిలువు గూడు నడుమ తలకిందులుగా, ఎనిమిది కాళ్లనూ రెండేసి చొప్పున జతచేసి గుణకారం గుర్తులా కూర్చునేది ఆర్జియోపి. కాళ్ల కొసల దగ్గర తెల్లని పట్టు మెలికల ముగ్గులా ఉంటుంది. ఫోను దగ్గరికి తీసుకెళ్లగానే అది గూడంతా ఊపేసింది. కదలకుండా నిలబడితే కాసేపటికి తనూ ఆగింది.

అన్నింటికంటే పెద్దది నెఫిలా పైలిపెస్. దాని పోగు పొద్దుటి ఎండలో అచ్చం బంగారం రంగు. అదే గూటి పైభాగాన ఎర్రగా, చిన్నగా ఇంకొకటి కనిపించింది. వేరే జాతి అని రాసుకున్నాను.

"దాని పిల్లేమోరా" అన్నాడు మావయ్య.

భూతద్దంతో చూస్తే నోటి పక్కనున్న రెండు స్పర్శాంగాల కొసలు ఉబ్బి ఉన్నాయి. అది మగ సాలీడుకు గుర్తు. ఆడదాని ఒళ్లు 3 నుంచి 5 సెంటీమీటర్లు. దాని మగడు సెంటీమీటరైనా లేడు!

పైలిపెస్ అన్న పేరును 1793లో డెన్మార్క్ ప్రకృతి శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ పెట్టాడు. అప్పట్లో ప్రజాతి, అంటే జాతి పేరుకు ముందుండే మొదటి మాట, అరేనియా. తరవాత ప్రజాతి మారింది కాబట్టే శాస్త్రీయ నామం చివర ఆయన పేరును కుండలీకరణాల్లో రాస్తారు. పైలిపెస్ అంటే వెంట్రుకల కాలు, నెఫిలా అంటే వడకడాన్ని ప్రేమించేది. మనమూ సాలె అన్న మాటతోనే సాలీడు అన్నాం. ఈ సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషించానో.

ఆర్జియోపి మాత్రం అనసూజా జాతా, పుల్కెల్లా జాతా తేలలేదు. రూఢిగా చెప్పాలంటే ఆడదాని పొట్ట అడుగున ఉండే జననేంద్రియపు పలకను సూక్ష్మదర్శినిలో చూడాలి. అందుకు దాన్ని చంపి సారాయిలో వేయాల్సి వస్తుంది. నాకు చేతులు రాలేదు. నోటుపుస్తకంలో ప్రజాతి పేరు రాసి, జాతి పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలాను.