పక్కింటి గోడ చూశారా?

హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన ఇల్లు. పెయింట్ తళతళలాడుతోంది. కానీ మీటర్ బోర్డు తలకంటే ఎత్తులో బిగించారు, గేటు కింద జానెడు మేర తుప్పు. పక్కింటి గోడ మీద మోకాలెత్తున వరద నీళ్లు వదిలిన మట్టి గీత. ఇవాళ్టి ఇల్లు చూడ్డం అక్కడితో అయిపోయింది.

అమ్మేవాళ్లు తమ గోడకి రంగేస్తారు, పక్కింటికి వెయ్యరుగా!

హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఊరి పేరు పెట్టి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) మ్యాప్ తీసి, సర్వే నంబరు పోల్చుకోండి. చెరువు 10 హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని జాగా. చిన్నదైతే 9. నాలా 10 మీటర్ల కంటే వెడల్పుంటే 9, లేదంటే 2. మేలో ఎండిన నేల చూసి "చెరువు ఎక్కడో ఉంది" అనుకుంటారు చాలామంది. కానీ లెక్క నిండు చెరువు అంచు నుంచే. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు వెనక్కి తిప్పితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో తెలిసిపోతుంది.

ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల పత్రం) 30 ఏళ్లకు తీయండి, ఇంటి నంబరుతోనే కాదు, సర్వే నంబరుతో కూడా. అదే నంబరు 22ఎ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు) ఉందేమో చూడండి. బ్యాంకు లోన్ ఇస్తోంది కదా అని ఈ పని వదిలెయ్యకండి.

రోడ్డు మీద రోడ్డు వేసి ఇంటి బేస్‌మెంట్ కంటే ఎత్తు చేశారా? అయితే వాననీళ్లకు దారి మీ వరండాయే.

నీళ్ల సంగతి బ్రోకర్ని అడగొద్దు. ఏప్రిల్‌లో పొద్దున్నే వెళ్లి వీధిలో ట్యాంకర్లు లెక్కపెట్టండి.

"గచ్చిబౌలి 20 నిమిషాలే" అన్నది ఆదివారం లెక్క. సోమవారం 9 గంటలకు బయల్దేరి చూడండి.